ప్రోగ్రామింగ్ గ్రూపులో మాట పెరగకుండా ఎలా చూసుకోవాలి, పెరిగితే ఏం చేయాలి

విశాఖలో కోడింగ్ నేర్చుకునేవాళ్ళకి, కోడింగ్‌తోనే బతికేవాళ్ళకి ఏదో ఒక వాట్సాప్ గ్రూపో, టెలిగ్రామ్ గ్రూపో, డిస్కార్డ్ సర్వరో ఉంటుంది. రుషికొండ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, మధురవాడ, కొమ్మాది హాస్టళ్ళలో ఉండే బీటెక్ పిల్లలు, ద్వారకానగర్‌లో జావా, పైథాన్ కోర్సులు చేస్తున్నవాళ్ళు, శ్రీకాకుళం, నర్సీపట్నం వైపు నుంచి ఫోన్‌లోనే చదువుకునేవాళ్ళు అందరూ అక్కడే ఉంటారు. గొడవ వస్తే మాట్లాడేది ఇద్దరో ముగ్గురో. చదివేది వందల మంది. వాళ్ళలో తన మొదటి ప్రశ్న ఇవాళో రేపో అడుగుదామని చూస్తున్న అమ్మాయో అబ్బాయో తప్పకుండా ఉంటారు. "ఇదడిగితే నన్ను కూడా ఇలాగే అంటారేమో" అనుకుని, టైపు చేసింది చెరిపేస్తారు. గొడవపడిన ఇద్దరూ వారం తిరక్కముందే కలిసిపోవచ్చు. చెరిపేసిన ప్రశ్న మాత్రం తిరిగి రాదు.

నాకు బాధ కలిగించేది ఆ ప్రశ్నే. అందుకే కింద చెప్పేదంతా, మాట్లాడకుండా చదువుతున్న ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మీరు ఏ మెసేజ్ పంపే ముందైనా ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. ఏ పదం ఉంచాలో, ఏది తీసేయాలో చాలావరకు మీకే తెలిసిపోతుంది.

ముందు ప్రశ్న సంగతి

చాలా తగాదాలు ప్రశ్న దగ్గరే మొదలవుతాయి. "హాయ్, ఎవరైనా ఉన్నారా? జావాలో డౌట్" అని రాసి ఊరుకుంటారు. జవాబు తెలిసినాయన ఆఫీసు మీటింగ్ మధ్యలో ఫోన్ తీసి చూస్తాడు. అక్కడ ప్రశ్నే ఉండదు. గంట తర్వాత ల్యాబ్ మానిటర్‌ని వంకరగా తీసిన ఫోటో వస్తుంది, అందులో ఎర్రర్ సగం కట్ అయిపోయి ఉంటుంది. ఇంకో గంటకి "ఎవరూ హెల్ప్ చెయ్యరా ఈ గ్రూపులో?" అని నిష్ఠూరం. అప్పుడాయన ఏదో అంటాడు, దానికి ఈయన ఇంకేదో అంటాడు.

ఇలా జరగకుండా ఉండాలంటే పలకరింపు, ప్రశ్న ఒకే మెసేజ్‌లో పెట్టండి. ఎర్రర్‌ని ఫోటో తీయకుండా అక్షరాలుగా కాపీ చేసి మొత్తం పెట్టండి. ఎదుటివాళ్ళు దాన్ని కాపీ చేసి వెతకగలగాలి, ఫోన్‌లో కూడా చదవగలగాలి. ఏ వెర్షన్ వాడుతున్నారో, ఏం జరగాలనుకున్నారో, ఏం జరిగిందో, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారో చెప్పండి. ఉదాహరణకి ఇలా:

"నమస్తే. స్ప్రింగ్ బూట్ 3.2, జావా 17. లాగిన్ ఏపీఐని పోస్ట్‌మన్‌లో పోస్ట్ పద్ధతిలో పిలిస్తే 403 వస్తోంది. గెట్ అయితే పనిచేస్తోంది. సెక్యూరిటీ కాన్ఫిగ్‌లో ఆ పాత్‌ని అందరికీ తెరిచాను. కాన్ఫిగ్ కింద పెట్టాను, పాస్‌వర్డ్‌లు తీసేశాను. రేపు ఉదయం కాలేజీలో చూపించాలి, ఈ రాత్రికి ఎవరికైనా వీలైతే చెప్పండి."

403 అంటే అనుమతి లేదని అర్థం. ఇది చదివిన అనుభవజ్ఞుడికి సీఎస్‌ఆర్‌ఎఫ్, అంటే వేరే సైటు నుంచి దొంగగా వచ్చే పోస్ట్‌లని అడ్డుకునే రక్షణ, గుర్తొస్తుంది. ఒక్క లైనులో చెప్పి తన పని చూసుకుంటాడు, విసుక్కునే అవసరమే రాదు. పైగా కాలేజీ పని అని ముందే చెప్పారు కాబట్టి, "హోంవర్క్ మా చేత చేయించుకుంటున్నావా" అనే మాట కూడా రాదు. హోంవర్క్ అడగడం తప్పేమీ కాదు. అది హోంవర్క్ అని దాచడం దగ్గరే పేచీ వస్తుంది.

అసలు ప్రోగ్రాము ఐదు వందల లైన్లుంటే, తప్పు వచ్చే భాగాన్ని మాత్రం పది ఇరవై లైన్లకు కుదించి, దాన్ని విడిగా నడిపి చూసి పెట్టండి. కుదిస్తుండగానే తప్పు ఎక్కడుందో మీకే కనబడటం మామూలే. ఆఫీసు కోడ్‌ని ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టకండి. అది కంపెనీ ఆస్తి, ఉద్యోగం మీదకి రావచ్చు. పొరపాటున ఏపీఐ కీనో (వేరే సర్వీసుని వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్), డేటాబేస్ పాస్‌వర్డో పెట్టేస్తే, మెసేజ్ డిలీట్ చేసి ఊరుకోవద్దు. ఎవరు చూశారో మీకు తెలియదు కనుక ఆ కీని వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోండి.

నాలుగు గ్రూపుల్లో ఒకేసారి అడిగితే ఆ సంగతి చెప్పండి. ఒకచోట జవాబు దొరికితే మిగతా మూడు చోట్లా ఆ జవాబు పెట్టండి. ఎక్కడో అప్పుడే తేలిపోయిన సమస్య మీద అరగంట కూర్చున్న మనిషికి వచ్చే కోపం న్యాయమైనదే. సమస్య మీ అంతట మీరే పరిష్కరించుకుంటే "అయిపోయింది, థాంక్స్" అని ఆపేయకుండా ఎలా అయిందో రాయండి. ఆర్నెల్ల తర్వాత అదే ఎర్రర్‌తో గ్రూపులో వెతికేవాళ్ళకి మీ "అయిపోయింది" వల్ల ఏ ఉపయోగమూ ఉండదు.

ఎవరిని ఏమని పిలవాలి

మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళని కూడా "నువ్వు" అనడం ఆప్యాయతే. "ఏటి, ఇది చూసుకోలేదా నువ్వు?" అని గాజువాక కుర్రాడు రాస్తే, విజయనగరం మనిషికి అందులో తప్పు కనబడదు. గుంటూరు నుంచి వచ్చి రుషికొండలో చేస్తున్న నలభై ఏళ్ళ ఆర్కిటెక్ట్‌కి మాత్రం అదే మాట చురుక్కుమంటుంది. మొహం ఎదురుగా ఉంటే గొంతులోని నవ్వు వినబడేది. తెరమీద అక్షరాలొక్కటే కనబడతాయి.

అందుకని పరిచయం లేనివాళ్ళందరినీ "మీరు" అనండి. పేరు చివర "గారు" పెట్టడానికి వయసు తెలియనక్కర్లేదు. ఆడవాళ్ళో మగవాళ్ళో తెలియనప్పుడు "బ్రో", "అన్నా" వాడకండి. పేరు పెట్టి "గారు" అంటే ఎవరికైనా సరిపోతుంది. ఎదుటివాళ్ళు "నువ్వనే పిలువు" అంటే అప్పుడు మారండి. ఇక మీరు చదివేవైపు ఉండి, ఎవరో మిమ్మల్ని "నువ్వు" అన్నారనుకోండి. ముందు ఆ మనిషి ఊరు, యాస తలుచుకోండి. చాలాసార్లు అది తలబిరుసు అయ్యుండదు.

యాసని వెక్కిరించడం మాత్రం ఏ గ్రూపులోనూ ఒప్పుకోకూడదు. శ్రీకాకుళం యాసలోనో, తెలుగు మీడియం ఇంగ్లీషులోనో ప్రశ్న అడిగితే జవాబు ఆ ప్రశ్నకే ఉండాలి. "ముందు ఇంగ్లీష్ నేర్చుకో" అన్నవాడు ఎంత పెద్ద ప్రోగ్రామర్ అయినా సరే, ఆ రోజు గ్రూపుకి నష్టమే చేశాడు. కంపైలర్‌కి వ్యాకరణం కావాలి గానీ, ప్రశ్న అడిగేవాళ్ళకి అక్కర్లేదు.

ఇంకొకటి, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఒక అమ్మాయి గ్రూపులో ప్రశ్న అడిగితే జవాబు గ్రూపులోనే చెప్పండి. ఆమె నంబరు తీసుకుని విడిగా "హాయ్, నేను హెల్ప్ చేస్తా" అని మెసేజ్ పెట్టకండి. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఎనిమిది మంది నుంచి అలాంటి మెసేజ్‌లు వస్తే ఆమె ఇంకెప్పుడూ అడగదు. విడిగా మాట్లాడటం నిజంగా అవసరమైతే ముందు గ్రూపులోనే అడగండి, ఒప్పుకుంటేనే మెసేజ్ చేయండి.

జవాబు చెప్పేవాళ్ళు

"గూగుల్ చెయ్" అనేది జవాబు కిందికి రాదు. వెతికితే దొరుకుతుందని మీకు తెలిసిందంటే, ఏ పదాలతో వెతకాలో కూడా మీకు తెలుసు. ఆ పదాలే చెప్పండి: "స్ప్రింగ్ సెక్యూరిటీ, పోస్ట్ 403, సీఎస్‌ఆర్‌ఎఫ్ అని వెతకండి, డాక్యుమెంటేషన్‌లోనే ఉంది." టైపు చేయడానికి పట్టే సమయం దాదాపు అంతే. ఓపిక లేకపోతే ఏమీ రాయకుండా ఉండే హక్కు మీకుంది. మీకు జీతమిచ్చి ఎవరూ కూర్చోబెట్టలేదు. మౌనంగా ఉంటే ఎవరికీ గాయం కాదు. ప్రశ్న మీద నవ్వే బొమ్మ, నుదురు కొట్టుకునే బొమ్మ రియాక్షన్‌గా పెడితే గాయమవుతుంది. పదిమంది పెడితే పదింతలు.

చాట్‌జీపీటీ లాంటి వాటిలోంచి తెచ్చిన జవాబైతే అలా అని చెప్పండి, నడిపి చూశాకే పెట్టండి. నడపకుండా అతికించిన జవాబు తప్పయితే, అడిగినవాళ్ళ రాత్రంతా దానితోనే పోతుంది. మర్నాడు వాళ్ళు "మీ వల్లే" అంటారు, మీరు "నేనేం చేశాను" అంటారు. ఈమధ్య గ్రూపుల్లో కొత్తగా పుట్టుకొచ్చిన తగాదా ఇదే.

ఇతరుల జవాబుని సరిదిద్దేటప్పుడు కోడ్ గురించి మాట్లాడండి, మనిషిని ముట్టుకోవద్దు. "మీకు థ్రెడ్స్ అంటే ఏంటో తెలీదు" అనే బదులు "ఈ మ్యాప్‌ని రెండు థ్రెడ్‌లు ఒకేసారి మారిస్తే డేటా పాడవుతుంది, కాంకరెంట్ హ్యాష్‌మ్యాప్ వాడితే సరిపోతుంది" అనండి. రెండోది చదివితే తప్పు చేసినాయనకీ తెలుస్తుంది, చదివేవాళ్ళకీ ఒక విషయం అబ్బుతుంది. మొదటిది చదివితే ఎవరికీ ఏమీ అబ్బదు.

ఇద్దరూ కరెక్టే అయినప్పుడు

కొన్ని ప్రశ్నలు గొడవ కోసమే పుట్టినట్టుంటాయి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో, ఇంటర్వ్యూ కోచింగుల్లో తరాల తరబడి తిరుగుతున్న సి భాష ప్రశ్న ఒకటుంది. ఐ విలువ 5. ఒకే ప్రింట్‌ఎఫ్‌లో ముందు ఐ ప్లస్‌ప్లస్, తర్వాత ప్లస్‌ప్లస్ ఐ రాస్తే ఏం ప్రింటవుతుంది? (మొదటిది పాత విలువ ఇచ్చి ఆ తర్వాత ఒకటి పెంచుతుంది, రెండోది పెంచాకే ఇస్తుంది.)

ఒకాయన కుడి నుంచి ఎడమకి లెక్కవేసి 6 6 అంటాడు. ఇంకొకాయన ఎడమ నుంచి లెక్కవేసి 5 7 అంటాడు. ఇద్దరూ తమ కంప్యూటర్లో నడిపి స్క్రీన్‌షాట్ పెడతారు. ఒకరిది ల్యాబ్‌లోని పాత టర్బో సి, ఇంకొకరిది కొత్త కంపైలర్. కళ్ళముందు రుజువు కనబడుతుంటే వెనక్కి తగ్గడం ఎవరికైనా కష్టమే. పదో మెసేజ్ కల్లా "మీ కాలేజీలో ఇలాగే చెప్తారా" దగ్గరికి వెళ్తుంది. సంగతేమిటంటే, ఒకే విలువని అలా ఒకే మాటులో రెండుసార్లు మార్చే రాతకి ఏ ఫలితం రావాలన్నది సి భాష 1989 నాటి తొలి ప్రామాణికం నుంచీ నిర్దేశించలేదు. కంపైలర్ ఏమైనా చేయొచ్చు. కాబట్టి రెండు స్క్రీన్‌షాట్లూ నిజమే, రెండూ ప్రశ్నకి జవాబు కావు.

సిలో ఇంట్ (పూర్ణాంకం) పరిమాణం 2 బైట్లా, 4 బైట్లా అనేది కూడా ఇలాంటి పేచీయే. టర్బో సిలో 2, ఇవాళ మనం మామూలుగా వాడే జీసీసీ కంపైలర్‌లో 4.

ఇలాంటిచోట మీరు చేయాల్సింది, వాదన మొదలైన వెంటనే మూడు విషయాలు అడగడం: ఏ కంపైలర్, ఏ వెర్షన్, భాష డాక్యుమెంటేషన్ ఏం చెబుతోంది. ఆ తర్వాత ఎదుటివాళ్ళ మాటలో నిజమున్నంత మేరకు ముందు ఒప్పుకుని రాయండి. "మీ దగ్గర 6 6 వచ్చిందన్నది నిజమేనండీ, టర్బో సిలో అలా రావచ్చు. నా దగ్గర 5 7 వచ్చింది. ఇలా రాయడాన్నే సి భాష నిర్దేశించకుండా వదిలేసింది, అందుకే తేడా." ఈ మూడు వాక్యాలతో ఎవరూ ఓడిపోరు. చదివే పిల్లలకి సిలో చాలామంది ఉద్యోగంలో చేరాక గానీ తెలుసుకోని విషయం ఒకటి తెలుస్తుంది.

కోడ్‌లో లైను ముందు ఖాళీకి టాబ్‌లా, స్పేస్‌లా, జావా గొప్పదా, పైథాన్ గొప్పదా లాంటివి వేరు. వాటికి తేల్చే డాక్యుమెంటేషన్ లేదు. "మా టీమ్‌లో ఇలా చేస్తాం, ఎందుకంటే" అని మీ అనుభవం ఒక్కసారి చెప్పి ఆపేయండి. రెండోసారి చెప్పాలనిపిస్తే మీ దగ్గర కొత్త విషయం ఉందో లేదో చూసుకోండి. వాదనలు పెద్దవాళ్ళని కూడా అలసిపోయేలా చేస్తాయి. పైథాన్‌ని సృష్టించిన గైడో వాన్ రాసమ్, రెండు చుక్కలూ సమానం గుర్తూ కలిసిన ఒక చిన్న ఆపరేటర్ మీద జరిగిన సుదీర్ఘ వాదన తర్వాత, 2018 జూలైలో ఆ భాషకి తుది నిర్ణేత స్థానం నుంచే తప్పుకున్నారు. ఒక మార్పు కోసం ఇంత పోరాడి, ఇంతమంది నా నిర్ణయాన్ని అసహ్యించుకోవడం ఇక చూడలేననే అర్థంలో రాశారాయన.

కోపం వచ్చింది, ఇప్పుడు

రాత్రి షిఫ్ట్ దిగి క్యాబ్‌లో ఇంటికి వస్తూ ఫోన్ తీస్తారు. మీ జవాబు కింద ఎవరో "ఈ మాత్రం తెలీకుండా సీనియర్ అంటారు" అని రాసి ఉంటుంది. వేళ్ళు వాటంతటవే కదులుతాయి.

ఆ జవాబుని గ్రూపులోని పెట్టెలో టైపు చేయకండి. నోట్స్‌లో రాసుకోండి. ఎంత ఘాటుగా కావాలంటే అంత రాయండి, కానీ అక్కడే ఉంచండి. 1995 అక్టోబరులో ఇంటర్నెట్ మర్యాదల మీద ఒక పత్రం వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీ 1855 అంటారు. వాట్సాప్ ఊహలో కూడా లేని రోజులు. ఆవేశంతో రాసే జవాబు పంపడానికి రాత్రి గడిచేదాకా ఆగమని అందులో ఉంది. ఈమెయిల్ కాలంలోనే ఆ మాట చెప్పాల్సివచ్చిందంటే, జేబులో మోగే గ్రూపుల కాలంలో దాని అవసరం ఎంతో ఆలోచించండి.

పొద్దున్న లేచి, ఎదుటివాళ్ళ మెసేజ్‌ని గొంతు మార్చి చదవండి. మీకిష్టమైన స్నేహితుడు అదే మాట అన్నట్టు ఊహించుకుని చదవండి. అప్పటికీ అవమానంగానే ఉంటే గ్రూపులో ఒక్క ప్రశ్న వేయండి: "ఏ లైను గురించి అన్నారు? చూపిస్తే సరిచేస్తాను." తప్పు నిజంగా ఉంటే బయటపడుతుంది. లేకపోతే ఆ మనిషి దగ్గర చెప్పడానికేమీ లేదని అందరికీ తెలుస్తుంది, మీరు ఏమీ అననక్కర్లేదు.

దానితో తేలకపోతే విడిగా మెసేజ్ చేసి ఫోన్‌లో మాట్లాడదామా అని అడగండి. పరిచయం ఉన్న మనిషైతే ఇంకా మంచి దారి ఉంది. ఇద్దరూ ఉండేది ఒకే ఊళ్ళో. ప్రపంచవ్యాప్త గ్రూపులకి లేని అదృష్టం మనకిది. సాయంత్రం ఎంవీపీ కాలనీలో టీ తాగుతూనో, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూనో అరగంట మాట్లాడితే, గ్రూపులో మూడు రోజులు నడిచిన వాదన తేలిపోతుంది. మొదటిసారి కలవడం నలుగురు తిరిగే చోటనే పెట్టుకోండి, రానంటే బలవంతపెట్టకండి. ఊరు ఒకటే అనడానికి రెండో అర్థం కూడా ఉంది. విశాఖ ఐటీ పెద్దదేమీ కాదు. ఇవాళ గ్రూపులో మీరు గేలిచేసినాయన వచ్చే ఏడాది ఇంటర్వ్యూలో బల్లకి అవతల కూర్చుని ఉండొచ్చు, మీ టీమ్‌లోనే చేరొచ్చు.

ఈలోగా చేయకూడనివి: స్క్రీన్‌షాట్ తీసి ఇంకో గ్రూపులో పెట్టి "చూడండి వీడి తెలివి" అనడం, మీ స్నేహితుల్ని మద్దతుకి పిలవడం, స్టేటస్‌లో పేరు లేకుండా దెప్పడం. వీటిలో ఏది చేసినా ఇద్దరి మధ్య ఉన్నది వీధిలోకి వస్తుంది. అన్నట్టు, వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాలలోపు దిద్దొచ్చు, అందరికీ కనబడకుండా తీసేయడానికి రెండు రోజుల దాకా టైముంటుంది. కానీ స్క్రీన్‌షాట్ తీయడానికి ఒక్క క్షణం చాలు. కాబట్టి వాటిని నమ్ముకుని రాయకండి.

తప్పు మీదైతే

ఎక్కడ మాట జారారో అక్కడే క్షమాపణ చెప్పండి. ఆరు వందల మంది ముందు తిట్టి, విడిగా ఇన్‌బాక్స్‌లో "సారీ బ్రో" అంటే లెక్క సరిపోదు. ఆ మాట చదివినవాళ్ళందరికీ ఈ మాట కూడా చేరాలి. "ఎవరైనా హర్ట్ అయ్యుంటే సారీ" అనకండి, అందులో తప్పు హర్ట్ అయినవాళ్ళ మీదకి వెళ్తుంది. ఏం అన్నారో పేరు పెట్టి చెప్పండి: "నిన్న ఫలానా గారి కాలేజీ గురించి నేనన్న మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. కోడ్ గురించి నా అభిప్రాయం అదే, దాని మీద విడిగా మాట్లాడదాం." అభిప్రాయాన్ని వదులుకోకుండానే మాటని వెనక్కి తీసుకోవచ్చని చాలామందికి తోచదు. అందుకే క్షమాపణ ఓటమిలా అనిపిస్తుంది.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఘాటైన ఈమెయిళ్ళకి ఎన్నో ఏళ్ళు పేరుపడ్డారు. కోడ్ బాగా లేదంటే రాసిన మనిషిని కూడా కలిపి తిట్టేవారు. 2018 సెప్టెంబరు 16న అందరూ చదివే మెయిలింగ్ లిస్ట్‌లోనే ఆయన క్షమాపణ చెప్పారు. తన తీరు వల్ల బాధపడి, బహుశా కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) పనినే వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళకి కూడా. కొంతకాలం పనినుంచి విరామం తీసుకుంటానని, మనుషుల భావాలు అర్థం చేసుకోవడానికి సాయం తీసుకుంటానని రాశారు. అదే సమయంలో లినక్స్ కెర్నెల్‌కి ప్రవర్తనా నియమావళి కూడా వచ్చింది. అక్టోబరులో ఆయన తిరిగి వచ్చారు, లినక్స్ ఆగలేదు. అంత స్థానంలో ఉన్న మనిషి వెళ్ళిపోయినవాళ్ళని గుర్తుచేసుకోవడం నాకు చాలా ముఖ్యమైన విషయంగా కనబడుతుంది.

మీరు పక్కనుంచి చూస్తుంటే

గొడవ ఆగడానికి ఎక్కువ పనికొచ్చేది మూడో మనిషే. టోర్వాల్డ్స్ కథే ఇంకొకటి చెబుతాను. 1992 జనవరిలో ఆయన హెల్సింకిలో 22 ఏళ్ళ విద్యార్థి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రొఫెసర్, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్త ఆండ్రూ టానెన్‌బామ్, లినక్స్ కాలం చెల్లిన పద్ధతిలో కట్టిందని ఆనాటి ఇంటర్నెట్ చర్చావేదిక యూజ్‌నెట్‌లోని మినిక్స్ గ్రూపులో రాశారు. కుర్రాడు కోపంగా, మర్యాద తప్పి జవాబిచ్చాడు. ఒకటి రెండు రోజుల్లోనే అదే గ్రూపులో క్షమాపణ చెప్పాడు. మధ్యలో ఏం జరిగిందంటే, గ్రూపులోని ఒకాయన అతనికి విడిగా స్నేహపూర్వకంగా రాశాడు, ఇలా చేయడం పద్ధతి కాదని. క్షమాపణలో టోర్వాల్డ్స్ ఆ ఉత్తరానికి కృతజ్ఞతలు కూడా చెప్పాడు. సాంకేతిక వాదన ఆ తర్వాత కూడా నడిచింది, నడవాలి కూడా.

మీరూ అదే చేయండి. గొడవపడుతున్న ఇద్దరిలో మీకు తెలిసినవాళ్ళకి విడిగా రాయండి. "నీ పాయింట్ కరెక్టే, ఆ రెండో లైను వద్దు, తీసేయ్" అంటే, సొంత మనిషి చెప్పాడు కాబట్టి వింటారు. అందరి ముందు బుద్ధి చెబితే పరువు అడ్డొస్తుంది. గ్రూపులో మాత్రం గొడవని పట్టించుకోకుండా అసలు ప్రశ్నకి జవాబు పెట్టండి. అడిగినవాళ్ళు ఆ గోలలో మూలన పడిపోయి ఉంటారు. "మీ ప్రశ్న మంచిదే, ఇలా చేసి చూడండి" అని రాయండి. చాలాసార్లు గ్రూపు మాట అక్కడినుంచి మళ్ళీ కోడ్ వైపు తిరుగుతుంది.

అడ్మిన్ మీరే అయితే

నియమాలు ఒక్క తెరలో పట్టేంత రాసి పిన్ చేయండి. పెద్ద నియమావళిని ఎవరూ చదవరు. మనిషి మీద, కులం మీద, కాలేజీ మీద, యాస మీద మాట వద్దు. అడగకుండా విడిగా మెసేజ్ వద్దు. రాజకీయాలు, సినిమా గొడవలు వద్దు. ఇంత చాలు. అడ్మిన్లు కనీసం ఇద్దరుండాలి, వాళ్ళు ఒకే ఆఫీసు వాళ్ళు కాకపోతే మంచిది. మీరే ఒక వాదనలో ఉంటే దాని మీద నిర్ణయం రెండో అడ్మిన్‌ది.

మాట ముదిరితే, అడ్మిన్లు మాత్రమే పంపేలా గ్రూపుని రాత్రికి మూసేయండి. "పొద్దున్న 9కి తెరుస్తాం" అని టైముతో సహా రాయండి. మూసి ఏమీ చెప్పకపోతే జనం ఇంకో గ్రూపుకి వెళ్ళి అక్కడ గొడవపడతారు. అవమానకరమైన మెసేజ్‌ని తీసేసి, ఎందుకు తీశారో రాసిన మనిషికి విడిగా చెప్పండి. ఎవరినైనా తీసేయాల్సి వస్తే, ఎన్నాళ్ళకి, మళ్ళీ ఎలా చేరొచ్చో కూడా చెప్పండి. దారి మూసేసిన మనిషి పగ పెంచుకుంటాడు, తలుపు ఉందని తెలిసిన మనిషి చాలావరకు మారి వస్తాడు. సీనియర్ అనీ, ఉద్యోగాలకి రిఫర్ చేస్తాడనీ ఒకరికి మినహాయింపు ఇవ్వకండి. కొత్తవాళ్ళు మొదట గమనించేది అదే.

మర్యాదతో తేలనివి

కొన్ని విషయాలు మర్యాద పరిధి దాటిపోతాయి. బెదిరింపులు, మార్ఫింగ్ ఫోటోలు, వద్దన్నా అమ్మాయికి పదేపదే మెసేజ్‌లు పెట్టడం నేరాలు. చివరిది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ కింద వస్తుంది. ఇక్కడ రాజీ చేయడం అడ్మిన్ పని కాదు. ఏమీ డిలీట్ చేయకుండా తేదీ, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, విశాఖలో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ కూడా ఉంది. వెంటనే సాయం కావాలంటే 112. బాధితురాలికి తోడుగా ఒకరు వెళ్ళండి, ఒంటరిగా పంపకండి.

ఇదే అదనుగా చిన్న మాటకి కూడా "66ఎ కింద కేసు పెడతా" అని బెదిరించేవాళ్ళుంటారు. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. ఆ పేరు చెబితే భయపడక్కర్లేదు.

ఇంతా చేశాక కూడా ఆ గ్రూపు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంటే బయటికి వచ్చేయండి. ముందు వారం రోజులు మ్యూట్ చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. వచ్చేసేటప్పుడు గ్రూపులో వీడ్కోలు ఉపన్యాసం వద్దు. కారణం అడ్మిన్‌కి రెండు లైన్లలో రాయండి, వాళ్ళు సరిచేసుకోవడానికి పనికొస్తుంది. మీకు పనికొచ్చిన జవాబులన్నీ ముందే కాపీ చేసి పెట్టుకోండి. క్లాసులోనో, హాస్టల్లోనో నేర్చుకునేవాళ్ళు నలుగురు కలిస్తే ఇంకో చిన్న గ్రూపు పెట్టుకోవచ్చు, అందులో పిన్ చేయాల్సిన నియమాలు మీకిప్పటికే తెలుసు.